కృష్ణబిలాన్ని లెక్కగట్టిన చేతులు

2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం బొమ్మ లోకానికి చూపించారు. నారింజరంగు వలయం, మధ్యలో చీకటి. పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. గొప్ప పనే, కాదనను. అయినా నా ఓటు బొమ్మలు తీసేవాళ్లకు పడదు, లెక్కపెట్టేవాళ్లకే పడుతుంది. డిటెక్టర్‌లో పడే ఒక్కొక్క ఎక్స్-కిరణం ఏ క్షణాన వచ్చిందో రాసుకుని, ఆ రాకల తీరును బట్టి వేల కాంతి సంవత్సరాల అవతల ఉన్నదాని పరిమాణమూ తిరుగుడూ చెప్పగలిగేవాళ్లు వాళ్లు. మన దేశంలో ఆ విద్య హైదరాబాద్ ఆకాశం మీద పెరిగి పెద్దదైంది. ఈ సంగతి హైదరాబాద్‌లోనే నూటికి తొంభైమందికి తెలియదు. ఆ ఉక్రోషంతోనే ఇది రాస్తున్నాను.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1962 జూన్ 18న రికార్డో జియాకోని బృందం అమెరికాలో ఒక రాకెట్ ఎగరేసింది. చంద్రుడి నుంచి ఎక్స్-కిరణాలు వస్తాయేమో చూద్దామనుకుంటే వృశ్చికరాశిలో స్కార్పియస్ ఎక్స్-1 దొరికింది. అది ఒక న్యూట్రాన్ తార. ఈ రంగంలో చేసిన కృషికి జియాకోనికి 2002లో నోబెల్ వచ్చింది. అప్పట్లో మనవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. యు.ఆర్.రావు బృందం తుంబా నుంచి రాకెట్లు పంపింది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేశారు. అక్కడ సొంత బెలూన్ కేంద్రం కట్టుకోకముందు ఉస్మానియా మైదానాల నుంచే ఎగరేసేవారని పెద్దలు చెబుతారు.

లెక్కపెడితే ఏం తెలుస్తుందని అడగొచ్చు. ఒక వస్తువు వెలుగు సెకనులో వెయ్యో వంతులో మారిపోతోందంటే, ఆ వెలుగు పుట్టే చోటు అంతసేపట్లో కాంతి దాటే దూరాన్ని మించి ఉండదు. అంటే 300 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా అనుకోండి. అంత చిన్నచోట మన సూర్యుణ్ని మించిన బరువు ఇమిడి ఉండాలంటే న్యూట్రాన్ తార అయినా కావాలి, కృష్ణబిలమైనా కావాలి. క్వేసార్లకూ ఇదే సూత్రం. 3సి 273 అనే క్వేసార్ సుమారు 240 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఒక గెలాక్సీ మొత్తాన్ని వెలవెలబోయేట్టు చేసే దాని కాంతి కొద్దిరోజుల్లోనే ఎక్కువ తక్కువలవుతుంటే, దాన్ని నడిపే యంత్రం చాలా చిన్నదని ఇట్టే తేలిపోతుంది. బొమ్మ అక్కర్లేదు, గడియారం చాలు.

ఇక బెలూన్ విద్య. ఎక్స్-కిరణాలను గాలి మింగేస్తుంది కాబట్టి గాలిపొర దాటి పైకి పోవాలి. రాకెట్ అయితే పైన నాలుగైదు నిమిషాలే ఉంటుంది. బెలూన్ గంటల తరబడి తేలుతుంది. దాన్ని 20 మైక్రాన్ల మందం ఉండే పాలిథీన్ ఫిల్ముతో చేస్తారు. తాడంత పొడుగున్న పట్టీలను వేడితో అతికిస్తారు. ఎక్కడ సూదిమొన అంత చిల్లి పడినా పనంతా నేలపాలే. ఎగరేసేటప్పుడు పైకొనన మాత్రమే హైడ్రోజన్ ఉంటుంది. 40 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి బయటి పీడనం నేలమీది దాంట్లో సుమారు 350వ వంతుకు పడిపోతుంది కాబట్టి బెలూన్ పూర్తిగా విప్పారుతుంది. దారిలో గండం మన ప్రాంతానిదే. ఉష్ణమండలంలో 16, 17 కిలోమీటర్ల దగ్గర చలి సున్నాకు కింద 80 డిగ్రీలు ఉంటుంది. చలిదేశాల కోసం చేసిన ఫిల్ము అక్కడ పెళుసెక్కి పగిలిపోయేది. ఆ చలిని తట్టుకునే ఫిల్ము కోసం, ఆ బెలూన్లు ఇక్కడే తయారు చేయడం కోసం హైదరాబాద్ బెలూన్ కేంద్రంలో పనిచేసినవాళ్లకు ఏ సన్మానం చేసినా తక్కువే.

ఇంత కష్టం పడి ఇక్కడే ఎందుకు ఎగరేయాలంటే, హైదరాబాద్ భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. కాస్మిక్ కిరణాల్లో బాగా బలమున్నవి తప్ప మిగతావి ఇక్కడికి రాలేవు, అయస్కాంత క్షేత్రం వాటిని మళ్లిస్తుంది. కాబట్టి డిటెక్టర్‌లో పనికిమాలిన లెక్క తక్కువ పడుతుంది. ఎక్స్-కిరణాల పనిలో అసలు కష్టమంతా అక్కడే ఉంది. జాతరలో తప్పిపోయిన సొంత పిల్లాడి ఏడుపును పట్టుకున్నట్టు, వేల కాస్మిక్ కిరణాల గోలలోంచి నక్షత్రం పంపిన కొద్దిపాటి ఎక్స్-కిరణాలను ఏరుకోవాలి. గోల తక్కువున్న చోటు దొరకడం ఎంత భాగ్యమో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఆ భాగ్యాన్ని వాడుకున్న చేతులు చూడండి! బి.వి.శ్రీకంతన్ పెద్దదిక్కుగా పి.సి.అగ్రవాల్, జి.ఎస్.గోఖలే, వి.ఎస్.అయ్యంగార్, పి.కె.కుంటే, ఆర్.కె.మంచందా లాంటి కుర్రాళ్లు 1968లో ఇక్కడి నుంచే డిటెక్టర్‌ను పంపి స్కార్పియస్ ఎక్స్-1 నుంచి వచ్చే కఠిన ఎక్స్-కిరణాలను కొలిచారు. తర్వాత సిగ్నస్ ఎక్స్-1 వైపు తిప్పారు. దాన్ని కృష్ణబిలమని లోకం ఇంకా ఒప్పుకోని రోజులవి. ఎగిరింది ఎక్కడ దిగుతుందో గాలికే తెలియాలి. పారాచూట్‌తో దిగిన పరికరాలను ముట్టుకోవద్దనీ, కబురు చెప్పినవాళ్లకు పారితోషికం ఇస్తామనీ పత్రికల్లో ప్రకటన వేసేవారు. ఇప్పటికీ వేస్తున్నారు. మన రైతుల పొలాల్లో ఎన్ని పరికరాలు భద్రంగా దొరికాయో! ఈ శాస్త్రంలో వాళ్లకూ వాటా ఉంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ప్రపోర్షనల్ కౌంటర్. కొందరు దీన్ని పాతకాలపు సరుకంటారు, వాళ్లతో నాకు పడదు. ఒక పెట్టెలో జీనాన్ వాయువు నింపి, మధ్యలో సన్నని తీగలు బిగించి, వాటికి అధిక వోల్టేజీ ఇస్తారు. ఎక్స్-కిరణం వచ్చి జీనాన్ పరమాణువును కొడితే ఎలక్ట్రాన్లు ఊడతాయి. తీగ దగ్గరికి పరిగెత్తుతూ అవి ఇంకొన్నింటిని ఊడగొడతాయి. చివరికి తీగ మీద వచ్చే కరెంటు దెబ్బ ఎంత పెద్దదో చూసి ఆ కిరణం శక్తి ఎంతో చెప్పేయొచ్చు. చెప్పడానికి ఇంతే. చేయబోతే వాయువులో రవ్వంత ఆక్సిజన్ కలిసినా అది ఎలక్ట్రాన్లను మధ్యలోనే పట్టేసుకుంటుంది, కొలత చెడుతుంది. పక్కల నుంచి దూరే కాస్మిక్ కిరణాల కోసం అంచుల్లో కాపలా తీగలు పెడతారు. కాపలా తీగా లోపలి తీగా ఒకేసారి మోగాయా, అది దొంగ లెక్క, కొట్టేస్తారు. పైన తగరం, రాగి, అల్యూమినియం రేకులతో చేసిన కాలిమేటర్ ఆకాశంలో ఒక్క డిగ్రీ మేర మాత్రమే కనబడనిస్తుంది. అయినా సరిపెట్టుకోరు. కాసేపు నక్షత్రం వైపు, కాసేపు ఖాళీ ఆకాశం వైపు చూసి తేడా తీస్తారు. ఎంత ఓపిక కావాలి!

ఈ విద్య ఏం సాధించిందో ఒక్క ఉదాహరణ చాలు. 1996లో ఐఆర్ఎస్-పి3 ఉపగ్రహం మీద మూడు కౌంటర్లు పంపారు. సిసలైన పని పెట్టుకున్న ఉపగ్రహంలో మిగిలిన చోట ఇరికించిన చిన్న ప్రయోగం అది. గరుడ మండలంలోని జీఆర్ఎస్ 1915+105 అనే కృష్ణబిలం వెలుగు మెల్లగా పెరిగి ఠక్కున పడిపోవడాన్ని, మళ్లీ మళ్లీ అలాగే జరగడాన్ని అవి పట్టుకున్నాయి. గట్టి నేలంటూ ఉంటే, దాన్ని ఢీకొన్న పదార్థం వెలుగు విరజిమ్మాలి. ఇక్కడ వెలుగు మాయమవుతోంది కనుక పదార్థం ఘటనాక్షితిజం దాటి లోపలికి పోతోందని మనవాళ్లు వాదించారు. బొమ్మ తీయకుండానే కృష్ణబిలం గడపను చూపించడమంటే ఇదీ!

ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఆ వంశంలో పుట్టిన పెద్దబిడ్డ. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి లేచింది. దాని కక్ష్యను భూమధ్యరేఖకు 6 డిగ్రీల వాలులోనే పెట్టారు, గోల తక్కువుండాలనే. హైదరాబాద్‌లో నేర్చుకున్న పాఠం కక్ష్యదాకా పోయిందన్నమాట. దాని మీది లాక్స్‌పీసీ కౌంటర్ల ఒక్కో పెట్టెలో మీటరు పొడవున్న 60 తీగ గదులు, ఐదు వరుసలుగా ఉంటాయి. రెండు అట్మాస్ఫియర్ల పీడనంలో జీనాన్, దాన్ని శుద్ధి చేసేందుకు పెట్టెలోనే ఏర్పాటు. ఒక్కొక్క కిరణం రాకను 10 మైక్రోసెకన్ల ఖచ్చితత్వంతో నమోదు చేస్తుంది. 20 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పైన, అమెరికావాళ్ల ప్రసిద్ధ ఆర్‌ఎక్స్‌టీఈకి ఉన్నదానికన్నా మన కౌంటర్లకు పట్టే శక్తి ఎక్కువ. జీఆర్ఎస్ 1915+105 నుంచి సెకనుకు 67 నుంచి 72 సార్లు ఊగే స్పందనలను కొలిచింది ఇదే. మూడు పెట్టెల్లో ఒకదాంట్లో వాయువు కారిపోయి 2018లో కట్టేయాల్సి వచ్చింది, ఇంకోదాని కొలత నిలకడ తప్పింది. మిగిలినదాన్ని పట్టుకుని పనిచేస్తూ వచ్చారు.

ఎ.ఆర్.రావు, సంతోష్ వడవలె బృందం చేసిన పని మరీ అబ్బురం. ఆస్ట్రోశాట్ మీదే ఉన్న సీజెడ్‌టీఐ అనే డిటెక్టర్‌లో ఒక గడిలో పడిన కిరణం చెదిరి పక్క గడిలోకి ఏ దిక్కున పోయిందో లెక్కగట్టి, క్రాబ్ పల్సార్ కిరణాల ధ్రువణాన్ని తేల్చారు. సెకనుకు 30 సార్లు తిరిగే న్యూట్రాన్ తార అది. దాని ఒక్కో చుట్టులో ధ్రువణం ఎప్పుడెలా మారుతోందో విడదీసి 2017లో ప్రకటించారు. అదే ఉపగ్రహం కోసం కె.పి.సింగ్ బృందం అల్యూమినియం రేకులకు బంగారు పూత పూసి చేసిన అద్దాల టెలిస్కోపు గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. 2024 జనవరి 1న ఎగిరిన ఎక్స్‌పోశాట్‌లో రామన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పోలిక్స్ పరికరం కూడా ఈ ఇంటి పనితనమే. నడుమ బెరీలియం దిమ్మ, చుట్టూ నాలుగు ప్రపోర్షనల్ కౌంటర్లు. పాతకాలపు సరుకన్నవాళ్లు ఇప్పుడేమంటారో!

ఇంత పని జరుగుతుంటే మన తెలుగు వీడియోల్లో కనబడేదేమిటి? భూమిని మింగబోతున్న బ్లాక్ హోల్! అయ్యా, మనకు తెలిసినవాటిలో అన్నిటికన్నా దగ్గరి కృష్ణబిలమే దాదాపు 1,560 కాంతి సంవత్సరాల అవతల ఉంది. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న కృష్ణబిలాన్ని పెట్టినా భూమి అదే దారిలో తిరుగుతుంది. పెర్సియస్ కృష్ణబిలం అరుపంటూ పంచుకున్న ఆడియో, నాసా వాళ్లు 57, 58 ఆక్టేవులు పెంచి వినిపించినది. ఆ మాట వాళ్లు దాచలేదు, దాన్ని పంచినవాళ్లు కోసేశారు. 2022 డిసెంబరులో హైదరాబాద్ బెలూన్ కేంద్రం నుంచి లేచిన స్పెయిన్ కంపెనీ క్యాప్సూల్ వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగితే ఏదో వింత వస్తువని జనం పోగయ్యారు. తప్పు వాళ్లది కాదు. దశాబ్దాలుగా పక్కనే నడుస్తున్న విద్య గురించి వాళ్ల భాషలో చెప్పనివాళ్లది.

నకిలీ పని చదువుకున్నవాళ్లలోనూ ఉంది. డేటా దించుకోవడం, ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో వేయడం, గీత బాగా కుదిరిందని పేపరు రాయడం. కౌంటర్ మోగడం ఒక్కసారైనా విననివాళ్లు కృష్ణబిలం తిరుగుడు వేగాన్ని రెండో దశాంశం దాకా చెప్పేస్తున్నారు! డిటెక్టర్ కట్టడానికి పదేళ్లు పడుతుంది, అన్నేళ్లూ పేపర్లుండవు. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో లెక్కకొచ్చేది పేపర్లే. ఇక కుర్రాళ్లు తీగలు బిగించడానికి ఎందుకొస్తారు? ఐదేళ్లకని పంపిన ఆస్ట్రోశాట్ పదేళ్లు దాటేదాకా చాకిరీ చేసింది. దాని వెనుక అంతటి వారసుడు సిద్ధంగా నిలబడి లేడు. వాయువు శుద్ధి చేయడం తెలిసిన చేతులు ఒకసారి ఖాళీ అయితే మళ్లీ ఏ డబ్బూ వాటిని తెచ్చిపెట్టదు.

పెద్దల దగ్గర నేను కోరేవి రెండు. ఆస్ట్రోశాట్ వారసుడికి డబ్బు మంజూరు చేయండి. హైదరాబాద్ బెలూన్ కేంద్రాన్ని కుర్రవాళ్లు డిటెక్టర్లు చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకునే బడిగా నిలబెట్టండి. డిగ్రీ కాలేజీల భౌతికశాస్త్రం మాస్టార్లకు ఇంకో మాట. ఆస్ట్రోశాట్ డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, పిల్లల చేత తప్పకుండా దించించండి. దానికి ముందు ఒక్క గైగర్ కౌంటర్‌నైనా వాళ్ల చేతులతో కట్టించి, మోగించి, లెక్క రాయించండి. లెక్కపెట్టడం చేతికొచ్చినవాడికే ఆ డేటా మాట్లాడుతుంది.