నాలుగు పంక్తులలో శాస్త్రము – ఒక విమర్శ

శాస్త్రవిషయములను జనసామాన్యమునకు తెలుపుటకు నేడు సామాజిక మాధ్యమములు ముఖ్యసాధనములైనవి. ఉదయము ప్రయోగశాలలో తేలిన ఫలితము సాయంకాలమునకు పల్లెటూరి విద్యార్థి చేతిలోని ఫోనునకు చేరుచున్నది. కాని చేరుట వేరు, అర్థమగుట వేరు. నిపుణులు తమలో తాము చెప్పుకొను విషయమును నాలుగు పంక్తులలో అందరికిని రుచించునట్లు చెప్పుట ఎట్లు? ఈ ప్రశ్నకు సూత్రములు వల్లించుటకంటె, నిజముగా వెలువడిన రెండు ప్రకటనలను తీసికొని వాని గుణదోషములను పరిశీలించుట మేలు. మొదటిది అంగారక గ్రహమునకు, రెండవది చంద్రునకు సంబంధించినవి.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన ఫీనిక్స్ నౌక 2008 మే 25న అంగారకుని ఉత్తర ధ్రువ ప్రాంతమున దిగినది. దాని వార్తలను ట్విట్టర్ ద్వారా ప్రజలకు అందించు పనిని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ వార్తావిభాగమునకు చెందిన వెరోనికా మెక్‌గ్రెగర్ నిర్వహించిరి. ఆ కాలమున ఒక్కొక్క సందేశమునకు 140 అక్షరములే పరిమితి. "ఫీనిక్స్ నౌక త్రవ్వినది" అనుటకంటె "నేను త్రవ్వితిని" అనుటకు తక్కువ చోటు చాలును. ఆ విధముగా నౌకయే పాఠకులతో మాటలాడ నారంభించినది. పాఠకులు ప్రశ్నలు వేసిరి. నౌక పేరుతో సమాధానములు వచ్చినవి. యంత్రమునకు గొంతు కలుగుటతో, విజ్ఞానశాస్త్రమన్న ఆమడదూరము తొలగువారు కూడ ఆగి వినిరి.

2008 జూన్ 19న ఆ నౌక పేరుతో ఒక గొప్ప వార్త వెలువడినది: అంగారకునిపై నీటిమంచు దొరికినది! సందేశమంతయు కేరింతలతో నిండియున్నది. ఆ ఉత్సాహము తప్పు కాదు. ఐతే "అది మంచు అని ఎట్లు తెలిసినది?" అని అడిగిన వానికి ఆ కేరింతలలో సమాధానము లేదు. సమాధానము ఆ దినములలోనే ప్రకటితమైన రెండు ఛాయాచిత్రములలో నున్నది.

నౌక యంత్రహస్తము త్రవ్విన గాడిలో పాచికలంత తెల్లని ముక్కలు కొన్ని మొదటి చిత్రమున కనబడినవి. నాలుగు అంగారక దినముల తరువాత తీసిన రెండవ చిత్రమున అవి లేవు. ఆ తెల్లని పదార్థము ఉప్పు కావచ్చునని అంతకుముందు కొందరికి సందేహము. ఉప్పే ఐనచో అక్కడనే పడియుండవలెను. మంచు ఐనచో, అంగారకుని మిక్కిలి పలుచని వాతావరణములో కరగి నీరు కాకుండగనే ఆవిరియై పోవును. మూత లేని పాత్రలో నుంచిన కర్పూరబిళ్ల కొన్నాళ్లకు తడి జాడ యైనను లేకుండ తరిగిపోవుట మనమెరిగినదే. ఉప్పుగల్లు అట్లు గాలిలో కలసిపోదు. ఆ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన బాలుడు కూడ, ఏ ముక్క ఉన్నది, ఏది పోయినది అని తానే లెక్కించి నిర్ణయమునకు రాగలడు. అటు తరువాత మట్టిని చిన్న కొలిమిలో వేడిచేసి, వెలువడిన నీటియావిరిని గుర్తించినట్లు 2008 జూలై 31న ప్రకటించిరి.

కనుక ఫీనిక్స్ విషయమున నా నిర్ణయమిది. జనులను పిలిచినది "నేను" అను మాట; వారికి శాస్త్రమును ఇచ్చినది ఆ చిత్రముల జంట. మొదటిది లేకున్న రెండవదానిని చూచువారు తక్కువై యుందురు. రెండవది లేకున్న మొదటిది ఉత్త కోలాహలము. ఈనాడు అనుకరించువారు పలువురు ఆ గొంతును మాత్రమే పట్టుకొని, చిత్రములను మరచుచున్నారు. ప్రతి యంత్రమును "నేను" అనుచున్నది గాని, అది కనుగొన్నది ఎట్లు నిజమో చెప్పుట లేదు. "నేను" అనుటలో మరియొక లోపము కూడ కలదు: నౌక వెనుక పనిచేసిన వందలాది మనుష్యులును, వారి సందేహములును, పొరపాట్లును ఆ ఒక్క మాట చాటున మరుగుపడుచున్నవి.

ఇక రెండవ ప్రకటన. మన శ్రీహరికోట నుండి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతమున దిగినది. ఆ సాయంకాలపు సందేశము కూడ నౌక గొంతుతోనే వెలువడినది, దేశమంతయు ఆనందించినది. నాలుగు దినముల తరువాత, ఆగస్టు 27న, ఇస్రో వారు చాస్టే అను పరికరపు తొలి కొలతలను ప్రకటించిరి. చంద్రుని మట్టిలోనికి 10 సెంటీమీటర్ల లోతు వరకు దిగగల శలాక, దానికి 10 ఉష్ణోగ్రతా గ్రాహకములు, ఒక గ్రాఫు – ఇదియే ఆ ప్రకటన.

ఇందు మెచ్చవలసినది ముందు చెప్పెదను. కొలతను దాచక, అలంకరింపక, అక్షములతో సహా ప్రజల ముందుంచిరి. ప్రజలు గ్రాఫును చూడలేరని భావింపకపోవుట గౌరవింపదగిన గుణము. కాని ఆ గ్రాఫు ఏమి చెప్పుచున్నదో తెలుపు వాక్యము ఒక్కటియు లేదు. తలుపు లేని ఇంటిని కట్టి, లోపలికి రండని పిలిచినట్లైనది. ఆ ఖాళీని వార్తాపత్రికలు తమకు తోచినట్లు నింపినవి. చంద్రునిపై అంత వేడియా అను ఆశ్చర్యమే శీర్షికలకెక్కినది. 70 డిగ్రీలని వ్రాసిన పత్రికలును కలవు. పాఠకునికి ఒక అంకె మిగిలినది, అర్థము మిగులలేదు.

నిజమైన వింత ఉపరితలపు వేడిలో లేదు. ఆ గీత వంపులో నున్నది. ఉపరితలమున 50 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా నున్న ఉష్ణోగ్రత, 8 సెంటీమీటర్ల లోతున సున్నకు దిగువ 10 డిగ్రీలకు పడిపోయినది. బెత్తెడు లోతులో మండువేసవియు, మంచుగడ్డయు! కారణమేమన, చంద్రుని పైపొర మెత్తని ధూళి. ధూళికణములు ఒకదానినొకటి ఏవో కొన్ని బిందువులయందు మాత్రమే తాకుచుండును. వాని నడుమ గాలి కూడ లేదు. అందుచేత వేడి లోనికి దిగుటకు దారి మిక్కిలి ఇరుకు. నివురుగప్పిన నిప్పు మనకు తెలియనిది కాదు: పైన బూడిద చల్లగా తోచును, క్రింద నిప్పు కణకణలాడుచుండును. చంద్రునిపై ఇదియే తలక్రిందులు – పైన వేడి, క్రింద చలి. బూడిదలో గాలియైనను ఉన్నది. చంద్రధూళిలో అదియు లేదు గనుక ఆ అడ్డు మరింత గట్టిది.

ఈ ఒక్క పోలికను తెలుగులో ఒక్క వాక్యముగా చేర్చియున్న, ఆ గ్రాఫు శ్రీహరికోట చుట్టుప్రక్కల బెస్తవానికిని, బడిపిల్లవానికిని అర్థమై యుండెడిది. "బెత్తెడు లోతుకే 60 డిగ్రీల తేడా. చంద్రుని ధూళి బూడిదవలె వేడిని అడ్డగించుచున్నది. ఈ గీతయే అందుకు సాక్ష్యము. పై కొననుండి క్రిందికి చూడుడు." ఇంతకంటె ఎక్కువ మాటలు అవసరము లేదు. గ్రాఫును తీసివేయ నక్కరలేదు. దానికొక తలుపు చాలును.

ఇట్లు చెప్పుట ఎందులకు ముఖ్యమో తరువాతి కథ తెలుపుచున్నది. ఆ పరికరపు కొలతలపై 2025లో వెలువడిన పరిశోధనా పత్రమున, శలాక దిగిన చోట పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 82 డిగ్రీలని యున్నది. ఆ చోటు సూర్యునివైపు సుమారు 6 డిగ్రీలు వాలియుండుటయే అందుకు హేతువనియు, మీటరు దూరములోని సమతలమున అది 59 డిగ్రీల ప్రాంతమనియు అందు వివరించిరి. అంకెను మాత్రమే పట్టుకొన్న పాఠకుడు 50, 70, 82 అని విని, "ఈ శాస్త్రజ్ఞులు పూటకొక మాట చెప్పుదురు" అని విసుగుకొనును. హేతువు నెరిగినవాడు, ఎండ కెదురుగా వాలిన పెంకుటింటి కప్పు ఎక్కువ కాగుటను జ్ఞప్తికి తెచ్చుకొని, కొలత ఏ చోట, ఏ వేళ తీసినదని అడుగును. మొదటివాడు రేపు ఫోనులో వచ్చు ఏ కట్టుకథనైనను నమ్మును. రెండవవాడు దానిని పరీక్షించును.

విస్తృతప్రజలకు రుచింపజేయుట యన్న విషయమును పలుచన చేయుట యని పలువురు తలచుచున్నారు. పై రెండు ఉదాహరణములు అట్లు చెప్పుట లేదు. సులభము చేయవలసినది సాక్ష్యమునకు పోవు దారిని, సాక్ష్యమును కాదు. నాలుగు పంక్తులే వ్రాయుటకు వీలున్నచో, ఒకటి ఆశ్చర్యమునకు, ఒకటి పోలికకు ఇచ్చి, తక్కిన రెండును "ఎట్లు తెలిసినది" అనుదానికే కేటాయింపవలెను. శాస్త్రమును తెలుగున వ్రాయ బూనిన యువకులు దీనిని గమనింతురు గాక.