మాట్లాడండి

ఫోను మోగితే ఎత్తి, ఎవరికి వచ్చిందో వాళ్ల చేతిలో పెడుతూ "మాట్లాడండి" అంటాను. కోడలికైనా, ఆరేళ్ల మనవడికైనా అదే మాట. శిక్షణ విమానం మా మేడ మీదుగా పోతుంటే, ఆ రొద తగ్గేదాకా ఆగి మరీ అంటాను. టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ఆపరేటరుగా ట్రంకు బోర్డు ముందు కూర్చున్న ఏళ్లు గొంతులో అలా మిగిలిపోయాయి.

దీపం వెలిగిన గడిలో ప్లగ్గు గుచ్చి పలకడం, దాని జంట ప్లగ్గుతో అవతలి ఊరిని పట్టడం, టికెట్ రాయడం చేతులకు తొందరగానే వచ్చేశాయి. చెవికే చాలాకాలం పట్టింది. గుడివాడ కావాలంటే ముందు బెజవాడను పట్టాలి. మాలో మాకు పేర్లు లేవు, ఊళ్లే. "బెజవాడా, గుడివాడ ఇవ్వమ్మా" అంటే, "లైన్లు ఖాళీ లేవు హైదరాబాదూ, ఉండు" అనేది. ఆమె జలుబు తెలుసు, విసుగు తెలుసు. మొహం తెలియదు.

ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు: ఎంత తొందరైతే అంత ధర. అర్జెంటుకు రెట్టింపు. పీపీ కాలైతే నంబరుకు కాదు, మనిషికి. ఫోనున్నవాళ్లు వీధి చివరికి మనిషిని పంపి పిలిపించాలి. ఆయన రొప్పుతూ వచ్చి "హలో" అన్నాకే మూడు నిమిషాల లెక్క మొదలు.

ఇద్దరి గొంతులూ కలిశాయని తేలగానే కీ తిప్పి తప్పుకోవాలి. మూడో నిమిషం ముగిసేవేళ మళ్లీ లైన్లోకి వచ్చి "పొడిగించమంటారా?" అనాలి. ఒక రాత్రి అలా వెళ్తే అటువైపు ఏడుపు. అడగలేకపోయాను. ఆ అర నిమిషం టికెట్‌కెక్కలేదు.

కాన్సాస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారి ఆల్మన్ స్ట్రోజర్, ఆపరేటరు తన బేరాలను పోటీవాడికి మళ్లిస్తోందన్న అనుమానంతోనే ఆటోమేటిక్ ఎక్స్‌చేంజీ కనిపెట్టాడంటారు. పేటెంటు 1891లో వచ్చింది. కోపం రావాలి గానీ రాదు. వినాలనుకుంటే వినగలిగే కుర్చీ అది. కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

మన దేశంలో 1960లో లక్నో, కాన్పూర్ల మధ్య మొదలైన ఎస్టీడీ, ఆపరేటరు లేకుండా నేరుగా పై ఊరికి డయలు చేసే పద్ధతి, ఒక్కో ఊరే దాటుకుంటూ మా దాకా వచ్చింది. బుకింగులు పలచబడ్డాయి. బెజవాడ పేరేమిటో అడగాలని నాకు తట్టనేలేదు. ఇప్పటికీ ఎవరైనా విజయవాడ వెళ్తున్నామంటే నాకు కృష్ణా బ్యారేజీ కాదు, ముందు ఆ జలుబు గొంతే వినబడుతుంది.