వారసత్వం ఎవరిది?

కుటుంబ చరిత్రను ఎక్కడ మొదలుపెట్టి చెబుతున్నాడన్న దానిలోనే రచయిత ఎవరి పక్షమో తెలిసిపోతుంది. ఎల్‌స్పెత్ హక్స్‌లీ 1959లో ప్రచురించిన ‘ది ఫ్లేమ్ ట్రీస్ ఆఫ్ థికా’ ఎడ్లబండి ప్రయాణంతో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కెన్యాలో కాఫీ తోట వేయబూనిన తన తల్లిదండ్రుల అగచాట్లను ఆమె హాస్యంగా, హృద్యంగా చెప్పింది. ఆ అందాన్ని కాదనలేం. కాని ఆ బండి రాకముందు నేల ఎవరిదన్న ప్రశ్న ఆ కథకు కేంద్రం కాలేదు.

కాకపోవడానికి కారణం ఉంది. ఆ ప్రశ్నను చట్టమే తీర్చివేసింది. 1902 చట్టం తెల్లవారికి 99 ఏళ్ల కౌలు ఇస్తే, 1915 చట్టం దాన్ని 999 ఏళ్లకు పెంచింది. పాతికేళ్లకొక తరమనుకుంటే, సుమారు 40 తరాలు! పుట్టబోయే మునిమనుమలకు సైతం హక్కు రాసిచ్చిన ఆ చట్టం నీడలోనే, తాతలనాటి నుంచి దున్నుకుంటున్న గికుయు రైతు సొంత నేలమీద కూలివాడయ్యాడు.

గూగీ వా థియోంగో 1964లో వెలువరించిన ‘వీప్ నాట్, చైల్డ్’ ఈ రెండు కుటుంబాలనూ ఒకే పొలంలో నిలబెట్టింది. దొర హౌలాండ్స్, కూలి న్గోతో. ఇద్దరూ ఆ మట్టిని ప్రేమిస్తారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇద్దరూ చెరొక కొడుకునూ పోగొట్టుకున్నారు. గూగీ దొరను బొమ్మరాక్షసుణ్ణి చేయలేదు. అందుకే విమర్శ మరింత పదునెక్కింది: ప్రేమ నిజమే కావచ్చు, అంతమాత్రాన అది పట్టా కాదు. 1952లో అత్యవసర పరిస్థితి వచ్చాక అదే దొర అధికారిగా న్గోతోను హింసిస్తాడు. న్గోతో కొడుకు బోరో దొరను కాల్చి చంపుతాడు.

చదువే తన కుటుంబాన్ని ఉద్ధరిస్తుందని నమ్మిన చిన్నకొడుకు న్జొరోగె చివరకు ఉరిపోసుకోబోతాడు. తల్లి పిలుపు అతణ్ణి ఆపుతుంది. ఇది నిరాశావాదమని కొట్టివేయడం తొందరపాటు. కూలిపోయింది జీవితం మీద ఆశ కాదు, భూమి ప్రశ్నను దాటుకుని ఒంటరిగా పైకి రావచ్చునన్న భ్రమ. ఆ భ్రమ మన విద్యార్థులకూ కొత్తది కాదు. అయితే బోరో వెళ్లిన అడవిని, అక్కడి సమష్టి పోరాటాన్ని దూరం నుంచే చూపడం ఈ నవలలోని లోటు.

1963 డిసెంబరు 12న కెన్యా స్వతంత్రమైంది. తెల్లవారి పొలాల్లో కొంత భాగాన్ని ప్రభుత్వం అప్పు తెచ్చి కొని, ఆ అప్పును వాయిదాల్లో తీర్చే షరతు మీద రైతులకు పంచింది. తాత పోగొట్టుకున్న నేలను మనుమడు కొనుక్కోవలసి వచ్చింది. తరాల కథ రాసేవాడు లెక్కలోకి తీసుకోవలసిన వారసత్వం ఇదే.