అప్పు చేసేదెవరు? తీర్చేదెవరు?

ఫుట్‌బాల్ క్లబ్బుల జమాఖర్చులతో మనకేమి పని అని పాఠకులు అడగవచ్చు. ఒకరు చేసిన అప్పు భారం మరొకరిపై పడటం ఎక్కడ జరిగినా న్యాయాన్యాయ విచారణకు తగిన విషయమే. ఆ దృష్టితోనే ఈ నిబంధనలను పరిశీలిద్దాం.

యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య 'ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే' పేరిట 2010లో నిబంధనలను ఆమోదించి, మరుసటి ఏడు నుండి అమలులోకి తెచ్చింది. వాటి సారాంశం సులభమైనది: క్లబ్బు తన రాబడికి మించి ఖర్చు చేయరాదు; ఇతర క్లబ్బులకు, ఆటగాళ్లకు, ప్రభుత్వానికి చెల్లించవలసినవి ఎగవేయరాదు. ఇవి మంచి ఉద్దేశంతో చేసినవే. కాని 'న్యాయం' అన్న మాటను శిరస్సున ధరించిన నిబంధనలను ఆ మాట బరువుతోనే తూచాలి.

మాంచెస్టర్ యునైటెడ్ ఉదంతం చూడండి. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం సుమారు 79 కోట్ల పౌన్లకు ఆ క్లబ్బును స్వాధీనం చేసుకుంది. ఆ సొమ్ములో సగానికి పైగా అప్పు తెచ్చినదే. అంతవరకు ఋణభారం లేని క్లబ్బు తనను కొనడానికి చేసిన అప్పులో అధిక భాగాన్ని తానే మోయవలసి వచ్చింది. కొన్నవారు వేరు, వడ్డీ కట్టేవారు వేరు! నిరసనగా కొందరు అభిమానులు అదే సంవత్సరం సొంతంగా మరొక క్లబ్బును స్థాపించుకున్నారు.

సమాఖ్య నిబంధనలు ఆ వడ్డీని ఖర్చుగానే లెక్కించాయి. అయితే రాబడి అపారంగా ఉన్న క్లబ్బుకు అది అడ్డు కాలేదు. నిబంధన అడిగిన ప్రశ్న, "ఈ భారం మోయగలవా?" అన్నది. "ఈ భారం నీపై ఎవరు మోపారు?" అని అడగలేదు. 2022లో నిబంధనలను సవరించి, జీతాలు, ఆటగాళ్ల కొనుగోళ్లు, ఏజెంట్ల రుసుములు కలిపి రాబడిలో 70 శాతం దాటరాదన్న హద్దును దశలవారీగా ప్రవేశపెట్టారు. ఈ హద్దు కూడా ఆటగాడి జీతాన్నే తూచింది గాని, యజమాని అప్పును కాదు.

రెండవ ఉదంతం పోర్ట్స్‌మత్. 2008లో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన ఆ క్లబ్బు 2010 ఫిబ్రవరిలో దివాలా పరిపాలన కిందికి వెళ్లింది. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ గతి పట్టిన మొదటి క్లబ్బు అదే. లీగ్ నియమం ప్రకారం ఆటగాళ్ల, ఇతర క్లబ్బుల బాకీలు పూర్తిగా తీర్చాలి. సాధారణ ఋణదాతలతో కుదిరిన ఒప్పందం మాత్రం పౌనుకు 20 పెన్నీలు. బాకీ రావలసినవారి జాబితాలో మైదానంలో ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ పేరు కూడా ఉండటం గమనార్హం. ఈ నియమంపై పన్నుల శాఖ వేసిన దావాను 2012లో హైకోర్టు త్రోసిపుచ్చింది.

ఈ నియమానికి సమర్థన లేకపోలేదు. ఒక క్లబ్బు మరొక క్లబ్బుకు బాకీ ఎగవేస్తే రెండవది కూడా కూలవచ్చు. బాకీ ఎగవేసిన జట్టు అదే పోటీలో కొనసాగడం అనుచితం కూడా. కాని ఈ వాదన లీగ్ లోపలివారి క్షేమానికే పరిమితం. అరువు ఇచ్చిన చిన్న వ్యాపారికి ఆ పోటీలో పాలు లేదు, లాభంలో భాగం లేదు. నష్టంలో మాత్రం మొదటి స్థానం!

2025లో బ్రిటన్ పార్లమెంటు చేసిన ఫుట్‌బాల్ పరిపాలనా చట్టం స్వతంత్ర నియంత్రణాధికారిని ఏర్పరచింది. యజమానుల యోగ్యతను, వారి ధనం ఎక్కడిదన్న విషయాన్ని విచారించే అధికారం ఇచ్చింది. ఇది ముందడుగే. అయితే ఆ అధికారాన్ని తూచవలసిన కొలతలు రెండు: కొనేవాడి అప్పు కొనబడినదానిపై పడకుండా ఆపగలదా? క్లబ్బు కూలిన నాడు బలహీనుని బాకీకి బలవంతుని బాకీతో సమాన గౌరవం దక్కించగలదా? ఈ రెండింటికీ సమాధానం చెప్పనంతవరకు, జమాఖర్చుల పుస్తకం ఎంత శుభ్రంగా ఉన్నా, దానిని న్యాయమని పిలవడం తొందరపాటే అవుతుంది.