తుప్పు పట్టేది మంచు కరిగిన రోజే

ఇంగ్లండులో ఇనుప పనిముట్లు పాడయ్యేది గడ్డకట్టే చలిలో కాదు, ఆ చలి విరిగిన రోజున. జనవరిలో వారం పాటు తూర్పుగాలి కొడుతుంది. పొద్దున్నే కారు అద్దాల మీద మంచు గీకలేక చేతులు లాగుతుంటాయి. ఉన్నట్టుండి ఒక రాత్రి గాలి నైరుతికి తిరుగుతుంది. అట్లాంటిక్ మీది నుంచి మెత్తటి తడిగాలి దిగుతుంది. తెల్లారి బయటికొచ్చిన వాళ్లంతా అమ్మయ్య అనుకుంటారు. సరిగ్గా ఆ పూటే గ్యారేజీలో కాంక్రీటు నేల నల్లబడుతుంది, పోత ఇనుము వైసు మీద నీళ్లు చుక్కలు కడతాయి, గోడకు వేలాడే రంపం మసకబారుతుంది. వాన పడలేదు, కప్పు కారలేదు, ఎవరూ నీళ్లు ఒలకబోయలేదు.

లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోస్తుంది. 10 డిగ్రీల దగ్గర 9 గ్రాముల పైచిలుకు మాత్రమే. సున్నాకి దిగితే 5 గ్రాములు కూడా మోయలేదు. బయటి నుంచి వచ్చిన గాలి 11 డిగ్రీలుంది, నిండా తేమతో ఉంది. లోపలి నేల వారం రోజుల చలిని దాచుకుని ఇంకా 3, 4 డిగ్రీల దగ్గరే ఉంది. కాంక్రీటు వేడెక్కడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, గాలి మారడానికి ఒక పూట చాలు. ఆ తేడా ఉన్నంతసేపూ గాలి తన బరువును చల్లటి వస్తువుల మీద దించుకుంటూ పోతుంది. పోత ఇనుము, మందపాటి ఉలి, డ్రిల్లు దిమ్మ లాంటివి చలిని ఎక్కువసేపు పట్టుకుంటాయి కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ.

నేనుండేది రెడింగ్ దగ్గర. వారమంతా కంప్యూటరు ముందు, శనివారం చిత్రిక పట్టుకుని గ్యారేజీలో. ఇక్కడి పాత ఇళ్ల గ్యారేజీలు చాలావరకు ఒకే వరస ఇటుకతో కట్టినవి, గోడ మందం నాలుగంగుళాలు. నైరుతి వాన గట్టిగా కొడితే తడి ఇటుకలోంచి లోపలికి వచ్చేస్తుంది. తలుపు పలచటి ఇనుప రేకు. హీటింగు ఉండదు. కారు పెట్టుకునే వాళ్లు కూడా తక్కువే. సైకిళ్లు, సూట్‌కేసులు, పనికిరావని తెలిసినా పారేయలేని సామాన్లే ఎక్కువ. తెలుగువాళ్లయితే వీటికి తోడు సోనా మసూరి బస్తాలు.

గాలిలోంచి చల్లటి వస్తువు మీద చేరే ఈ చెమ్మ సంగతి మొదట తేల్చినవాడు కూడా ఇంగ్లండులో పనిచేసిన వైద్యుడే. పేరు విలియం చార్లెస్ వెల్స్. అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టి, లండన్‌లో వైద్యం చేశాడు. మంచుబిందువులు ఆకాశం నుంచి రాలతాయా, నేలలోంచి పుడతాయా అని అప్పటికి వాదులాట. ఆయన పది గ్రెయిన్ల బరువున్న ఉన్ని పోచలు తూచి, రాత్రిపూట తోటలో రకరకాల చోట్ల పెట్టి, తెల్లారి మళ్లీ తూచేవాడు. ఎత్తుగా నిలిపిన చెక్కపలక మీద పెట్టిన ఉన్ని బాగా బరువెక్కింది, అదే పలక కింద కట్టింది కొంచెమే తడిసింది. తేటగా ఉన్న ఆకాశం కిందికి వచ్చిన వస్తువు తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుందని, ఆ తరువాతే దాని మీద మంచు చేరుతుందని ఆయన తేల్చాడు. చల్లబడటం ముందు, తడి తరువాత. 1814లో పుస్తకం అచ్చయింది, రాయల్ సొసైటీ వాళ్లు రమ్‌ఫోర్డ్ పతకం ఇచ్చారు. గడ్డి మీద నాలుగు పుల్లలు పాతి పలచటి చేతిరుమాలు పరిచినా కింది గడ్డి వెచ్చగా ఉంటుందని కూడా కొలిచి చూపించాడు.

ఆ రుమాలు నా దృష్టిలో గ్యారేజీల శాస్త్రానికి మూలం. రేకుల కప్పున్న గ్యారేజీలో తెల్లారుజామున లోపల వాన కురిసినట్టు చుక్కలు పడతాయి. రేకు రాత్రంతా ఆకాశం వైపు చూస్తూ బయటి గాలికన్నా చల్లబడుతుంది, లోపలి తేమ దాని అడుగున చేరుతుంది. ఇందుకే కొత్త రేకులు అడుగున దూది లాంటి పొర అంటించి అమ్ముతారు. అది నీటిని రాత్రి పట్టుకుని పగలు వదిలేస్తుంది. పాతదయితే కింద పలకలతో ఇంకో కప్పు కడతారు. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. 1960, 70ల నాటి కాంక్రీటు పలకల గ్యారేజీల మీద ముడతల సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. బ్రిటన్ దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. పలకలు బిగిద్దామని ఆ రేకులకు డ్రిల్లుతో చిల్లు పెట్టకూడదు.

కారుకు పైన కప్పు ఒక్కటే ఉండి, పక్కన గోడలు లేని షెడ్లు చూస్తుంటాం. మనవాళ్లు వాటిని తీసిపారేస్తారు. నా ఓటు వాటికే. పైకప్పు ఆకాశాన్ని మరుగుచేస్తుంది, గాలి తన దారిన పోతుంది, అద్దం మీద మంచు పట్టదు. రోడ్ల మీద చల్లిన ఉప్పునీళ్లతో తడిసొచ్చిన కారును గాలాడని గ్యారేజీలో మూసిపెట్టడం కన్నా ఇదే నయం. కొంచెం వెచ్చగా ఉన్న మూసిన గ్యారేజీలో ఉప్పు తన పని ఇంకా చురుగ్గా చేసుకుంటుంది.

మొన్న మిల్టన్ కీన్స్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, గ్యారేజీలో హీటరు పెట్టాను. తెల్లారి చూస్తే గోడలు కారుతున్నాయి."

"కరెంటుదా, గ్యాసుదా?"

"గ్యాసుదే. సిలిండరుతో. చవగ్గా వస్తుందని."

"మరి నీళ్లు నువ్వే తయారు చేస్తున్నావు కదరా."

ఒక కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. లీటరు కిరోసిన్ మండితే దరిదాపుగా లీటరు నీరు. పొగగొట్టం లేని హీటరు ఆ నీటినంతా ఆవిరిగా గదిలోకే వదులుతుంది. వెలిగినంతసేపూ హాయిగానే ఉంటుంది. ఆర్పేశాక గది చల్లబడి, ఆవిరి గోడల మీదికి చేరుతుంది. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ భయం సరేసరి. గ్యారేజీకి వేడి కావాలంటే కరెంటుదే పెట్టాలి, లేదా పొగగొట్టం బయటికున్నది.

మనవాళ్ల గ్యారేజీల్లో ఇంకో తిరకాసు ఉంది. వేపుడు వాసన సోఫాలకు పట్టకూడదని కొందరు రెండో పొయ్యి అక్కడ పెడతారు. చేపల పులుసు, గారెలు, పండక్కి అరిసెలు అన్నీ అక్కడే. పక్కనే బట్టలారబెట్టే యంత్రం. ఒక వాయి తడిబట్టల్లోంచి లీటరుకు తక్కువ కాకుండా నీరొస్తుంది, దాని గొట్టం గోడలోంచి బయటికి పెట్టకపోతే అదంతా బియ్యం బస్తాకే. తడి రాకుండా చూడటం, వచ్చిన తడిని తోలడం కన్నా ఎప్పుడూ తేలిక. కాబట్టి ముందు పొయ్యి మీది గిన్నెకు మూత, కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను. తడికారును నీళ్లు కారిపోయేదాకా బయటే ఉంచడం. పచ్చి కట్టెలు లోపల పేర్చకపోవడం. అట్టపెట్టెలు నేల మీద పెట్టకుండా, గోడకు జానెడు దూరంలో బల్లల మీద పెట్టడం. గోడకు ఆనించిన సూట్‌కేసుకే బూజు పట్టేది. దాని వెనక గాలి కదలదు, గోడ చల్లగా ఉంటుంది.

నేల తడిగా ఉంటే అది గాలిలోంచి వచ్చిందో, భూమిలోంచి వచ్చిందో తేల్చుకోకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు. రెండడుగుల పాలిథీన్ ముక్కను నేలకు నాలుగు వైపులా టేపుతో అంటించి రెండ్రోజులు వదిలేయండి. చుక్కలు పైన ఉంటే గాలి తేమ. అడుగున ఉంటే నేల చెమ్మ, అంటే కాంక్రీటు కింద పాలిథీన్ పొర వేయకుండా కట్టారన్నమాట. రెండోదయితే ఫ్యాన్లూ యంత్రాలూ పెట్టినా తీరదు, నేలకే తేమను ఆపే పూత వేయించాలి. గోడల విషయంలో నీళ్లు చొరని రంగు పూయమని దుకాణాల్లో గట్టిగా చెబుతారు. నాకు నమ్మకం లేదు. ఇటుకలోకి వెళ్లిన తడి ఆరడానికి దారి మూసేస్తే రంగు పొరలుగా లేస్తుంది, ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. ముందు పైన కాలువలు శుభ్రం చేసి, గోడ పక్కన పేరుకున్న మట్టి తీసేస్తే సగం గోడలు వాటంతటవే ఆరతాయి.

ఇక గాలి. కిటికీ తీసిపెట్టమని ఒకరు, బిగించెయ్యమని ఒకరు చెబుతారు. ఇద్దరిదీ సగం సగం నిజం. ఎండగా, పొడిగా, చల్లగా ఉన్న రోజున బార్లా తెరవాలి. నైరుతి తడిగాలి వచ్చిన రోజున మూయాలి. ఫోనులో వాతావరణం చూసేటప్పుడు అందరూ ఉష్ణోగ్రత చూస్తారు, గ్యారేజీ ఉన్నవాళ్లు చూడాల్సింది డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీళ్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. నేల ఉష్ణోగ్రత దానికన్నా తక్కువగా ఉంటే ఆ గాలిని లోపలికి రానివ్వకూడదు. చవక తేమమీటరు ఒకటి లోపల, ఒకటి బయట ఉంటే పని సులువు. సాఫ్ట్‌వేరు వాళ్లం కదా, బయటి గాలి లోపలికన్నా పొడిగా ఉన్నప్పుడే ఫ్యాను తిరిగేలా ఒక బుల్లి బోర్డుకు ప్రోగ్రాం రాసిపెట్టిన స్నేహితులు నాకున్నారు. మంచి పనే. అయితే ఊరికే ఇరవైనాలుగు గంటలూ తిరిగే ఫ్యాను మాత్రం మంచు కరిగే రోజున శత్రువును పిలిచి కూర్చోబెడుతుంది.

తేమను పీల్చే యంత్రం కొనేవాళ్లకు ఒక మాట. ఇళ్లలో వాడే కంప్రెసరు రకం పది డిగ్రీల కిందికి దిగితే దాని గొట్టాల మీదే మంచు పేరుకుని చతికిలబడుతుంది. చల్లటి గ్యారేజీకి జియోలైట్ చక్రం తిరిగే రకం కావాలి. అది సున్నా దరిదాపుల్లో కూడా నీళ్లు లాగుతుంది, కాస్త వేడి కూడా ఇస్తుంది. కరెంటు ఎక్కువే తింటుంది. కొనే ముందు తలుపు సందులు మూయండి. చిన్న గ్యారేజీలో ముప్పై ఘనపు మీటర్ల గాలి పడుతుంది. సందుల్లోంచి గంటకోసారి అంతా మారిపోతుంటే, ఘనపు మీటరుకు 8 గ్రాముల చొప్పున రోజుకు ఐదు లీటర్లకు పైగా నీరు లోపలికి నడిచొస్తుంది. ఆ యంత్రం అప్పుడు ఇంగ్లండునంతా ఆరబెట్టే పనిలో పడుతుంది. నీళ్లు చేరే తెల్లటి గుళికల డబ్బాలు ఇంత గదికి ఎందుకూ పనికిరావు. పైగా అందులో చేరేది కాల్షియం క్లోరైడ్ ఉప్పునీరు. ఇనుము మీద ఒలికితే అంతే సంగతులు.

గ్యారేజీ మొత్తాన్ని కాపాడాలనే పంతమే నాకు దండగగా కనిపిస్తుంది. కాపాడాల్సింది ఉలులు, చిత్రికలు, రంపాలు. 1930ల్లో వెర్నన్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త, గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము తుప్పు వేగం ఒక్కసారిగా పెరుగుతుందని చూపించాడు. నీటిచుక్క కంటికి కనబడనక్కర్లేదు. మరి తేమ శాతాన్ని దించడానికి ఎంత వేడి కావాలి? బయట 5 డిగ్రీలు, 95 శాతం తేమ ఉన్న గాలిని 10 డిగ్రీలకు తెస్తే చాలు, 68 శాతానికి దిగుతుంది. ఇంకో రెండు మూడు డిగ్రీలు పెంచితే గండం గడిచినట్టే. ఇక్కడి పాత మేడలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ వాళ్లు చేసేది ఇదే. శీతాకాలంలో హీటింగును మనుషుల సుఖం చూసి కాక తేమమీటరు చూసి నడుపుతారు. గది వెచ్చగా ఉండదు, తివాచీలు మాత్రం బాగుంటాయి.

గ్యారేజీకి ఆ లెక్క ఖర్చు, బీరువాకు కాదు. తలుపులు బిగువుగా మూసుకునే చెక్క బీరువా ఒకటి చేసి, అడుగున నలభై వాట్ల గొట్టం హీటరు పెట్టాను. సామానుకు తగలకుండా జాలీ, పైన రెండు చిన్న చిల్లులు. కరిగే రోజున కూడా లోపలి ఇనుము బయటి గాలి డ్యూ పాయింట్ కన్నా పైనే ఉంటుంది. టేబుల్ రంపం లాంటి బరువు దిమ్మలు బీరువాలో పట్టవు, వాటికి మైనం పూత, పైన దుప్పటి. ప్లాస్టిక్ పట్టా కప్పితే అడుగున తడి చేరుతుంది, పాత కంబళి మేలు.

నూనె సంగతికొస్తే, ఊళ్లో కత్తిపీటకు రాసినట్టు కొబ్బరినూనె రాస్తే ఇక్కడ అది తెల్లగా పేరుకుని ఉలి మీద గడ్డలు కడుతుంది. అవిసె నూనె ఎండి జిగురవుతుంది. ఆముదం ఎండదు, చలికి పేరుకోదు, పలచగా గుడ్డతో తుడిస్తే నెలల తరబడి ఉంటుంది. సొరుగుల్లో కర్పూరం బిళ్లలు వేయడం పాత మెషినిస్టుల అలవాటు, మన పూజ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. మూసిన సొరుగులోనే పనిచేస్తుంది, తెరిచి ఉంచితే ఎగిరిపోతుంది. చెక్క అతికించే రోజున మాత్రం ఉలి మీది ఆముదాన్ని స్పిరిట్‌తో పూర్తిగా తుడవాలి. వేలిముద్రంత నూనె చెక్కకు అంటినా అక్కడ జిగురు పట్టదు.