గొలుసులు, జైలు, పాట మీద హక్కు

1985లో అమెరికాలోని ఎన్‌బీసీ టీవీ ‘ది ఏ-టీమ్’ సీరియల్‌లో ‘ది హార్ట్ ఆఫ్ రాక్ ఎన్ రోల్’ అనే ఎపిసోడ్ వేసింది. చెయ్యని నేరానికి శిక్షపడి తప్పించుకు తిరిగే మాజీ సైనికులు ఆపదలో ఉన్నవాళ్లను ఆదుకోవడం ఆ సీరియల్ కథ. ఈసారి ఆపద సి.జె. మాక్ అనే నల్ల పాటగాడిది. అతను జైల్లో ఉంటాడు. ఆ వేషం వేసింది ఐజాక్ హేస్. ఇంకో పాటగాడు రిక్ జేమ్స్ తన సొంత పేరుతోనే కనిపిస్తాడు.

పాటగాళ్ల చేతనే పాటగాళ్ల వేషం వేయించారు గదా, ఇంకేం కావాలి అనొచ్చు. హేస్ ఎవరో తెలిస్తే ఆ మాట అనలేం.

హేస్ టెనెసీ పత్తి చేలల్లో పనిచేసి పెరిగినవాడు. ‘షాఫ్ట్’ సినిమా పాటకు 1972లో ఆస్కార్ అందుకున్నాడు. పాటకు ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. అదే ఏడాది ఆగస్టులో, 1965 నాటి వాట్స్ తిరుగుబాటును తలుచుకుంటూ లాస్ ఏంజెలెస్‌లో ‘వాట్‌స్టాక్స్’ జరిగింది. టికెట్ ఒక డాలరు. జనం లక్ష దాకా వచ్చారు. చివర పాడిన హేస్ ఒంటి మీద బంగారు గొలుసులు. ఒకనాటి సంకెళ్లను బలానికి గుర్తుగా మార్చుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. బొంబాయిలో దళిత్ పాంథర్స్ బ్లాక్ పాంథర్స్ పేరును అందుకున్నదీ ఆ 1972లోనే. హేస్ కథ మనకు పరాయిదెట్లా అవుతుంది?

ఏ-టీమ్‌లోని ఒకే ఒక్క నల్ల సభ్యుడు మిస్టర్ టి. ఆయన మెడ నిండా బంగారు గొలుసులే. తన పూర్వీకుల ఇనుప సంకెళ్లకు గుర్తుగా వేసుకున్నానని ఆయనా చెప్పాడు. సీరియల్ ఆ గొలుసుల మెరుపును వాడుకుంది, వాటి చరిత్రను వదిలేసింది. వాట్‌స్టాక్స్‌లో గొలుసులతో నిలబడ్డ హేస్‌కేమో ఎవరో వచ్చి కాపాడాల్సిన ఖైదీ వేషం ఇచ్చింది.

నిజంగా హేస్‌ను దెబ్బకొట్టింది జైలు కాదు, కాగితం. 60 లక్షల డాలర్ల అప్పుల్లో మునిగి 1976లో దివాలా తీశాడు. తను రాసిన పాటల మీద రాయల్టీ హక్కులు పోయాయి. ఈ దొంగతనానికి తుపాకీ అక్కర్లేదు, కాబట్టి తుపాకుల సీరియల్‌కు ఇది కథావస్తువు కాదు. విలన్ రౌడీ అయితే నలభై అయిదు నిమిషాల్లో తన్ని పంపొచ్చు. విలన్ ఒప్పంద పత్రమైతే ఏ ట్రక్కుతో గుద్దుతారు?

నిజంగా జైల్లో పాడిన లెడ్ బెల్లీ సంగతీ ఇదే. 1933లో లూసియానా అంగోలా జైల్లో జాన్ లోమాక్స్ ఆయన పాటలు రికార్డు చేశాడు. తర్వాత ‘గుడ్‌నైట్ ఐరీన్’ హక్కుల్లో లోమాక్స్ పేరు కూడా చేరింది. లెడ్ బెల్లీ 1949 డిసెంబరులో చనిపోయాడు. మరుసటేడు వీవర్స్ అనే తెల్ల బృందం పాడితే ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి పోయింది. లెడ్ బెల్లీ ఆ రోజు చూడలేదు.

తెర మీద మనవాడు కనిపించాడా అని మనం లెక్కపెడుతున్నాం. పెట్టాల్సిందే. దాంతో ఆగితే ఏ-టీమ్ నిర్మాతలకూ మనకూ తేడా ఉండదు. మన దగ్గర మాదిగ డప్పు, మాల పల్లె పాట తెర మీదికొచ్చినప్పుడు టైటిల్స్‌లో ‘జానపదం’ అని ఒక్క మాట వేసి ఊరుకోవడం చూస్తూనే ఉన్నాం. ఆ ఒక్క మాట కింద ఎంతమంది పేర్లు పూడ్చారు? వేషం ఎవరు వేశారన్న ప్రశ్న పక్కనే ఇంకో రెండు ప్రశ్నలు పెట్టుకుందాం: పాట ఎవరి పేరు మీద ఉంది? పైసలు ఎవరింటికి పోతున్నాయి?