సందేశం కోసం వెదికిన చెవులు: ‘మేడ్ ఇన్ లాగోస్’ ఆల్బమ్ స్వీకారం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
నైజీరియా గాయకుడు విజ్‌కిడ్ 2020లో వెలువరించిన ‘మేడ్ ఇన్ లాగోస్’ ఆల్బమ్‌ను స్వదేశపు శ్రోతలు, విదేశీ విమర్శకులు, పురస్కార సంస్థలు వేర్వేరు కాలాలలో వేర్వేరు కొలమానాలతో స్వీకరించారు. వాటిలో ప్రబలమైన రెండు కొలమానాలు ఫేలా కుటీ నాటి రాజకీయ సందేశం, అమెరికా జాబితాలలో దక్కిన స్థానం. ఈ రెండూ ఆల్బమ్ కళాగుణాన్ని మరుగుపరచాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆఫ్రోబీట్స్, స్వీకార సిద్ధాంతం, సహృదయుడు, విజ్‌కిడ్, ఫేలా కుటీ, లాగోస్.

ఉపోద్ఘాతం

‘మేడ్ ఇన్ లాగోస్’ 2020 అక్టోబరు నడిమిలోనే విడుదల కావలసి ఉంది. అప్పటికి నైజీరియా నగరాల వీథులు యువతతో నిండిపోయాయి. దోపిడీల నిరోధం కోసం ఏర్పడి, కాలక్రమంలో అక్రమ నిర్బంధాలకు, చిత్రహింసలకు పేరుమోసిన ప్రత్యేక పోలీసు దళాన్ని రద్దు చేయాలన్న ‘ఎండ్ సార్స్’ ఉద్యమం అది. విజ్‌కిడ్ లండన్‌లో జరిగిన నిరసనలో స్వయంగా పాల్గొన్నాడు. ఆల్బమ్ విడుదలను వాయిదా వేశాడు. అక్టోబరు 20వ తేదీ రాత్రి లాగోస్‌లోని లెక్కీ టోల్‌గేట్ వద్ద సైనికులు నిరసనకారులపై కాల్పులు జరిపారు. లెక్కీ, అలౌసా ప్రాంతాలలో కలిపి కనీసం 12 మంది మరణించారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ప్రకటించింది. సరిగ్గా పది రోజుల తరువాత, అక్టోబరు 30న, ఆల్బమ్ శ్రోతల చేతికి వచ్చింది.

నగరం పేరునే శీర్షికగా ధరించిన ఆ రచనలో నగరంలో జరిగిన మారణకాండ ప్రస్తావన లేదు. పద్నాలుగు పాటలలోనూ ఉన్నవి ప్రేమ, దేహాకర్షణ, కృతజ్ఞత, కులాసా. పాటలు అంతకుముందే సిద్ధమైనవి కనుక ఇది సహజమే. అయినా శ్రోత వినేది తాను నిలిచిన క్షణం నుండే. అదే రోజున మరో నైజీరియా గాయకుడు బర్నా బాయ్ కాల్పుల తేదీనే శీర్షికగా చేసుకొని ‘20 10 20’ అనే పాటను విడుదల చేశాడు. ఒకే దినాన ఒకే దేశం నుండి వచ్చిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం అనివార్యమైంది. ఆ పోలికలో విజ్‌కిడ్ ఓడిపోవడం కూడా దాదాపు అనివార్యమే. ఆ తీర్పు న్యాయమైనదేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఫేలా నీడ

ఆఫ్రోబీట్, ఆఫ్రోబీట్స్ అన్న రెండు పదాలు తెలుగు పాఠకులకు ఒకటిగానే తోచవచ్చు. మొదటిది ఫేలా కుటీ, డ్రమ్ముల కళాకారుడు టోనీ అలెన్ కలిసి రూపొందించి, 1970లలో లాగోస్ వేదికగా ఎదిగిన సంగీతం. బాకాలు, శాక్సోఫోన్ల దళంతో, పది పదిహేను నిమిషాలకు తగ్గని పాటలతో, సైనిక ప్రభుత్వాలపై నేరుగా విరుచుకుపడే పదాలతో అది సాగింది. 1976 నాటి ‘జాంబీ’ సైనికుల గుడ్డి విధేయతను అపహసించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సైనికులు ఫేలా నివాసమైన కలకూతాపై దాడిచేసి తగులబెట్టారు. రెండవది ఇరవై ఒకటవ శతాబ్దపు పశ్చిమాఫ్రికా జనరంజక సంగీతానికి స్థిరపడిన సామూహిక నామం. మూడు నిమిషాల పాట, కంప్యూటర్‌పై కూర్చిన తాళం, హిప్‌హాప్, జమైకా డాన్స్‌హాల్, హైలైఫ్‌ల కలయిక దీని లక్షణాలు. పేరులో తేడా ఒక్క అక్షరమే. స్వభావంలో చాలా దూరం.

జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యాస్ 1967లో ప్రతిపాదించిన స్వీకార సిద్ధాంతం ప్రకారం ప్రతి పాఠకుడూ కృతిని తన ఎదురుచూపుల పరిధి లోపల నిలబడి అందుకుంటాడు. ఆ పరిధిని నిర్మించేది పూర్వకృతుల పరిచయం. నైజీరియా సంగీతం విషయంలో, ముఖ్యంగా విదేశీ విమర్శకునికి, ఆ పరిధి పేరు ఫేలా. లాగోస్ నుండి వచ్చే పాట ప్రభుత్వాన్ని ధిక్కరించాలి. లేకుంటే అది పలుచనిది. ఈ ఎదురుచూపు మిగతా దేశాల పాటలకు లేదు. లండన్ నుండో అట్లాంటా నుండో వచ్చిన ప్రేమగీతాల సంపుటిని దేశ రాజకీయాలపై మౌనం వహించిందని సాధారణంగా ఎవరూ నిలదీయరు. ఆఫ్రికా కళాకారుని సుఖానికి మాత్రం సంజాయిషీ కావాలి.

అయితే స్వదేశంలోని శ్రోతల అసంతృప్తిని ఇదే గాటన కట్టడం పొరపాటు. వారిలో కొందరికి ఆ వారం మరణవార్తలు తప్ప మరేవీ చెవికెక్కలేదు. వారు అడిగింది సిద్ధాంతం కాదు. తమ దుఃఖంలో తోడు. ఆ కోరికను కళాస్వేచ్ఛ పేరిట తోసిపుచ్చే విమర్శకు హృదయం లేదనే చెప్పాలి. కాని అదే శ్రోతలలో మరికొందరు కర్ఫ్యూ విధించిన నగరంలో, కోవిడ్ ఆంక్షల నడుమ, ఇంట్లో కూర్చొని ఈ పాటలనే పదేపదే విన్నారు. రెండు స్పందనలూ ఒకే గాయం నుండి వచ్చినవే.

వేగం తగ్గించిన పాట

రాజకీయ మౌనం కంటే స్వదేశంలో ఎక్కువగా వినిపించిన ఆక్షేపణ మరొకటి. పాటలు నెమ్మదిగా ఉన్నాయి, ఒకదానికొకటి పోలి ఉన్నాయి అన్నారు. విజ్‌కిడ్ 2011 నాటి ‘సూపర్‌స్టార్’తో యువతను ఆడించినవాడు. 2014లో ‘ఒజుఎలెగ్బా’ పాటతో తాను పుట్టిపెరిగిన సురులేరే పరిసరాల కష్టాన్ని పాడినవాడు. 2017లో వచ్చిన ‘సౌండ్స్ ఫ్రమ్ ది అదర్ సైడ్’ మాత్రం విదేశీ శ్రోత కోసం కుట్టించిన దుస్తుల వలె ఉందన్న విమర్శను ఎదుర్కొంది. ఆ అనుభవం తరువాత మూడేళ్ళకు వచ్చిన ఆల్బమ్‌లో నృత్యశాలను కుదిపే పాట కోసం చూసినవారికి నిరాశ కలగడం సహజం.

ఆ నెమ్మదితనాన్ని లోపంగా కాక నిర్ణయంగా వింటే ఆల్బమ్ వేరుగా తెరుచుకుంటుంది. ప్రధాన నిర్మాత పీటుజే కూర్చిన తాళంలో ప్రతి దెబ్బకూ చుట్టూ ఖాళీ ఉంటుంది. తొలి పాట ‘రెక్‌లెస్’లోనే శాక్సోఫోన్ వినిపిస్తుంది. ఫేలా దళంలో ఆ వాద్యం ప్రజలను పిలిచే బాకా. ఇక్కడ అది గది లోపలి గుసగుస. వారసత్వం పదాలలో లేదు గాని నాదంలో ఉంది. దాన్ని సాహిత్యంలో మాత్రమే వెదికిన విమర్శకునికి అది దొరకలేదు. విజ్‌కిడ్ గొంతు కూడా తాళం మీద ఎక్కి కూర్చోదు, దాని వెనుకనే నడుస్తుంది. యోరుబా, నైజీరియా పిడ్జిన్, ఇంగ్లీషు ఒకే చరణంలో అతుకు తెలియకుండా కలిసిపోతాయి. పాటల మధ్య పోలిక ఉన్నమాట నిజమే. ఒకే రాగాన్ని సాయంత్రమంతా ఆలపించే గాయకునిపై ఆ అభియోగం మోపని సంస్కృతిలో పెరిగిన శ్రోతకు ఇది పెద్ద నేరంగా కనిపించదు.

అన్ని పాటలూ సమస్థాయిలో లేవు. హర్‌తో కలిసి పాడిన ‘స్మైల్’ మాధుర్యం దగ్గరే ఆగిపోతుంది. డామియన్ మార్లీ తోడైన ‘బ్లెస్డ్’ మాత్రం కృతజ్ఞతను ప్రార్థనగా కాక విశ్రాంతిగా పలికించి, ఆల్బమ్ అంతటికీ తాళంచెవి అనదగినదిగా నిలిచింది.

అభినవగుప్తుడు చెప్పిన సహృదయుడు కావ్యపరిశీలనతో మనసనే అద్దాన్ని నిర్మలం చేసుకొని, వర్ణ్యవస్తువుతో తన్మయం కాగలిగినవాడు. ఎదురుచూపుల పరిధి శ్రోతకు ముందే ఉన్నదాన్ని చెబుతుంది. సహృదయత అతడు వదులుకోవలసినదాన్ని చెబుతుంది. ఈ ఆల్బమ్‌కు కావలసింది రెండవది.

తొమ్మిదవ స్థానం

అమెరికా ఈ ఆల్బమ్‌ను ఒక్క పాటగా విన్నది. టెమ్స్ మంద్రస్వరం పల్లవిని నిలబెట్టిన ‘ఎసెన్స్’ విడుదలైన ఎనిమిది నెలలకు, 2021 జులైలో, బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలోకి ప్రవేశించింది. ఆగస్టులో జస్టిన్ బీబర్ గొంతు చేర్చిన కొత్త రూపం వచ్చింది. అక్టోబరులో పాట 9వ స్థానానికి చేరింది. నైజీరియా పాటకు తొలి పదిలో చోటు దక్కడం అపూర్వమని పత్రికలు కీర్తించాయి. కీర్తన సబబే. కాని పాటలో ఒక్క స్వరం కూడా మారకముందే లాగోస్ దాన్ని తలకెత్తుకుంది. ఆలస్యం వినేవారిది. జాబితా కొలిచింది పాట గుణాన్ని కాదు, అది ప్రయాణించవలసి వచ్చిన దూరాన్ని.

ఆస్కార్ వేదికపై 2023లో ‘నాటు నాటు’ గెలిచినప్పుడు తెలుగువారికీ ఇటువంటి అనుభవమే కలిగింది. భాష తెలియని శ్రోతకు అందింది ప్రధానంగా దరువు, నృత్యం. చంద్రబోస్ పేర్చిన పల్లెటూరి పోలికలు ఆ ఆనందంలో లెక్కకు రాలేదు. అందిన ఆనందం అబద్ధం కాదు, అసంపూర్ణం.

2022 ఏప్రిల్‌లో జరిగిన గ్రామీ పురస్కారాల నామినేషన్లు ఈ చర్చకు అనుకోని నాటకీయతనిచ్చాయి. ఉత్తమ గ్లోబల్ మ్యూజిక్ ఆల్బమ్ విభాగంలో ‘మేడ్ ఇన్ లాగోస్’కు పోటీగా నిలిచినవాటిలో ఫేలా కుమారుడు ఫెమి కుటీ, మనుమడు మాడే కుటీ కలిసి వెలువరించిన ‘లెగసీ ప్లస్’ ఒకటి. గెలిచింది మాత్రం బెనిన్ దేశపు గాయని ఏంజెలిక్ కిడ్జో ‘మదర్ నేచర్’. పర్యావరణాన్ని, మానవ గౌరవాన్ని ప్రబోధించే ఆ ఆల్బమ్‌లో నైజీరియా నిరసనల స్ఫూర్తితో రూపొందిన ‘డిగ్నిటీ’ అనే పాట కూడా ఉంది. కిడ్జో ప్రతిభ సందేహాతీతం. న్యాయనిర్ణేతల మనసు తెలుసుకునే వీలు ఎవరికీ లేదు. అయినా విజ్‌కిడ్ వద్ద దొరకని సందేశం దొరికినచోటికే పురస్కారం వెళ్ళిందన్నది గమనించదగ్గ విషయం. ప్రదర్శన విభాగంలో ‘ఎసెన్స్’ను దాటి గెలిచినది అరూజ్ ఆఫ్తాబ్ పాడిన ఉర్దూ గజల్ ‘మొహబ్బత్’. లాగోస్ నృత్యగీతాన్ని, ఉర్దూ గజల్‌ను ఒకే తక్కెడలో తూచగలిగే విభాగానికి ‘గ్లోబల్’ అన్న పేరు ఎంత విశాలమో అంత బోలు.

బీబర్ కలిసిన రూపం 2021 ఆగస్టు చివర వచ్చిన విస్తృత కూర్పులో చేరింది. ఆల్బమ్ తొలి రూపంలో ‘ఎసెన్స్’ పదకొండవ పాట. తగ్గించిన వేగానికి చెవి అలవాటు పడేందుకు అంతకుముందు పది పాటలు ఉన్నాయి. ఆ పది పాటలూ దాటి ‘స్వీట్ వన్’ ముగిసిన నిశ్శబ్దంలో టెమ్స్ గొంతును మొదటిసారి అందుకున్నవారికి, రేడియోలో ఆ పాటను విడిగా విన్నవారికి దొరికినది ఒకే పాట కాదు.